ఏం పని చేస్తావని అడిగిన డాక్టర్

ఫ్రెండ్స్, ఈసారి నేను పరిచయం చేస్తున్నది బెర్నార్డినో రామజ్జీని అనే ఇటలీ వైద్యుణ్ణి. వృత్తి వైద్యానికి పితామహుడు అంటారు ఈయన్ని.

1633లో కార్పి అనే ఊళ్లో పుట్టారు. పార్మాలో చదివి, 1659లో డాక్టరయ్యారు. తర్వాత మొదెనాలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ ఒకసారి వాళ్లింటి మరుగుదొడ్డి గుంత శుభ్రం చేయడానికి ఒక పనివాడు వచ్చాడు. అతను ఊపిరాడనంత తొందరగా పని చేస్తుంటే, జాలేసి కారణం అడిగారు. నాలుగు గంటలకు మించి ఉంటే కళ్లు పోతాయని చెప్పాడతను. చూస్తే నిజంగానే కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అదే పని చేసి చూపు పోయి, వీధుల్లో అడుక్కునేవాళ్లు కూడా తర్వాత ఆయనకి కనిపించారు.

అప్పట్నుంచి ఏ పని ఏ జబ్బు తెస్తుందో గమనించడం మొదలెట్టారు. పెద్ద ప్రొఫెసర్ అయ్యుండి కూడా దుమ్ము కొట్టే పనిశాలల్లోకి స్వయంగా వెళ్లి చూశారు. 1700లో పుస్తకం వేశారు, 1713లో దాన్ని పెంచి మళ్లీ వేశారు. మొత్తం 50కి పైగా వృత్తులు! ధాన్యం జల్లించేవాళ్లకి ఆ దుమ్ముతో ఒళ్లంతా దురద, ఆయాసం వస్తాయనీ, రొట్టెలు కాల్చేవాళ్లకి పిండి రేణువులతో దగ్గు పట్టుకుంటుందనీ రాశారు. రోగిని డాక్టర్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్నల్లో వృత్తి ఏమిటన్నది కూడా చేర్చారు. ముసలితనంలో చూపు మందగించినా పని ఆపలేదు. 1714లో పాదువాలో పోయారు.

ఇదంతా పాత కథేనా? 2019లో అమెరికా, యూరప్ శ్వాసకోశ వైద్య సంఘాలు కలిసి లెక్క చూస్తే, పెద్దయ్యాక వచ్చే ఆస్తమాలో సుమారు 16 శాతం పని వల్లేనని తేలింది. అంటే ఆరుగురిలో ఒకరు! పిండి దుమ్ము, స్ప్రే పెయింట్లలో ఉండే ఐసోసైనేట్లు, మన ల్యాబ్‌లో సోల్డరింగ్ చేసేటప్పుడు వచ్చే రోజిన్ పొగ, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

మా మేనమామ బేకరీలో పదిహేనేళ్లుగా పిండి కలుపుతున్నాడు. సెలవు పెట్టి ఊరొస్తే ఆయాసం తగ్గుతుంది, పనికెళ్తే మళ్లీ మొదలు. చూసిన డాక్టర్లు ఇన్‌హేలర్ రాశారు గానీ, ఏం పని చేస్తావని అడగలేదు. ఈ జబ్బుని ఎంత తొందరగా కనిపెట్టి ఆ దుమ్ముకి దూరం చేస్తే, కోలుకునే అవకాశం అంత ఎక్కువ. కానీ బేకరీ మానేస్తే ఇల్లు గడవదు.

డాక్టర్ అడగకపోయినా, మామయ్యనే చెప్పమన్నాను. ఇక పిండి ఎగరని మెషీన్లు, పొగని లాగేసే ఫ్యాన్లు డిజైన్ చేయాల్సింది మనమే కదా!