పని పోయిన కాపరి
(ధ్యాన భాగము: కీర్తనలు 37:1–7)

పని పోయినవారి ఇంటికి వెళ్లినప్పుడు ఏమి చెప్పవలెనో కాపరులమైన మాకును తోచదు. అట్టివేళ మేము 37వ కీర్తన తెరచుదుము. దాని అయిదవ వచనము ఆధారముగా గొప్ప పాట వ్రాసిన పాల్ గెర్హార్ట్ గారు కూడ పని పోగొట్టుకొనినవారే.

ఆయన 1607 మార్చి 12వ తేదీన జర్మనీలోని గ్రాఫెన్‌హైనిషెన్ అను చిన్న పట్టణమున జన్మించిరి. విట్టెన్‌బర్గులో వేదాంతవిద్య నేర్చిరి. అవి ముప్పది సంవత్సరముల యుద్ధపు దినములు. చదువు ముగిసినను ఆయనకు సంఘము దొరకలేదు. బెర్లినులో ఒక ఇంట పిల్లలకు చదువు చెప్పుచు, పాటలు వ్రాయుచుండిరి. 1651లో, నలువది నాలుగవ యేట, మిట్టెన్‌వాల్డె అను ఊరికి గురువైరి. 1657లో బెర్లినులోని నికొలాయి దేవాలయమునకు పిలువబడిరి.

అచ్చటనే శోధన వచ్చెను. ప్రజలు లూథరనులు, ప్రభువైన ఫ్రెడరిక్ విలియము కాల్విను బోధననుసరించువాడు. ఇరుపక్షముల గురువులును ప్రసంగపీఠము నుండి ఒకరినొకరు దూషింపరాదని 1664లో ఆయన ఆజ్ఞ యిచ్చి, సంతకము చేయుడనెను. దూషణ మానుమనుట చెడ్డ ఆజ్ఞయని మేమనము. గెర్హార్ట్ గారు ఎవరిని దూషించువారు కారు. అయినను ఆ సంతకముతో తాము ఒప్పుకొనిన విశ్వాస ప్రమాణములలో కొంత విడిచిపెట్టినట్లగునని తలంచి ఆయన సంతకము చేయలేదు. 1666 ఫిబ్రవరిలో పని పోయెను.

పట్టణస్థులును చేతిపనులవారి సంఘములును మనవులమీద మనవులు పంపిరి. 1667 జనవరిలో ప్రభువు మెత్తబడి, సంతకము లేకయే పనిలో చేరవచ్చుననెను. అయితే ఆజ్ఞ ప్రకారమే నడుచుకొందురని నమ్ముచున్నట్లు తెలియజేసెను. మేమైనచో ఆ ఆదివారమే పీఠమెక్కియుందుమేమో! నోట ఒప్పుకొనకపోయినను మౌనముగా ఒప్పుకొనినట్లే గదా అని ఆయన మనస్సాక్షి బాధించెను. తిరిగివచ్చిన పనిని ఆయనయే విడిచిపెట్టిరి.

భార్యాబిడ్డలతో ఊరు విడిచి పోవుచు, దారిలో ఒక సత్రమున ఆ పాట వ్రాసిరని ఒక కథ ఉన్నది. వినుటకు బాగుండును గాని నిజము కాదు. ఆ పాట 1653లోనే అచ్చుపడినది. పని పోవుటకు పదమూడేండ్ల ముందు తాము వ్రాసినదానినే ఇప్పుడు ఆయన నమ్మి బ్రదుకవలసి వచ్చెను.

పీఠము లేని ఆ దినములలోనే, 1666–67లో, ఎబెలింగ్ అను సంగీతజ్ఞుడు ఆయన పాటలు 120 రాగములతో అచ్చువేసెను. ఇంటిలో మాత్రము దుఃఖము తీరలేదు. అయిదుగురు బిడ్డలలో నలుగురు మునుపే చనిపోయిరి. 1668 మార్చిలో భార్యయు ప్రభువునందు నిద్రించెను. ఒక్క చిన్న కుమారుడు మిగిలెను.

ఆ సంవత్సరము అక్టోబరులో ల్యూబెన్ అను పట్టణపువారు ఆయన ప్రసంగము విని, తమ గురువుగా ఏర్పరచుకొనిరి. అది ఫ్రెడరిక్ విలియము ఏలుబడికి వెలుపల, సాక్సనీ వారి క్రింద నుండెను. గురువుగారి ఇల్లు బాగుచేయుటలో నెలలు గడచెను. (ఇండ్ల మరమ్మతుల సంగతి మన సంఘములకు క్రొత్త కాదు.) 1669 జూనులో, అరువది రెండేండ్ల వయస్సున, ఆయన మరల పనిలో ప్రవేశించిరి. ఏడేండ్లు అచ్చటనే సేవచేసి, 1676 మే 27న కన్నుమూసిరి. ఆయన దేహమును ఆ దేవాలయములోనే సమాధి చేసిరి. నేడు ఆ దేవాలయము ఆయన పేరనే పిలువబడుచున్నది.