గుంటూరు డాక్టరమ్మ సిస్టర్ మేరీ గ్లౌరీ

ఆదివారం గుడిలో విన్న సువార్త సోమవారం పనిలో కనబడాలంటారు పెద్దలు. ఆ మాటను గుంటూరులో బతికి చూపినవారు డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ.

ఆమె 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొంది, కంటి వైద్యంలో పేరు తెచ్చుకున్నారు. 1915లో డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించిన చిన్న పుస్తకం చదివారు. మగ డాక్టర్లకు చూపించుకోలేక భారతదేశంలో తల్లులు, పసిబిడ్డలు చనిపోతున్నారని అందులో తెలుసుకుని, తన సేవ ఇక్కడేనని నిశ్చయించుకున్నారు. 1919లో ఎం.డి. పూర్తిచేసి, 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు.

అప్పటి శ్రీసభ నియమాల ప్రకారం మఠకన్యలు వైద్యం చేయరాదు. పోపు 15వ బెనెడిక్ట్ గారి ప్రత్యేక అనుమతితో ఆ అడ్డు తొలగింది.

చిన్న డిస్పెన్సరీ క్రమంగా సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి అయింది. రోగులు రాలేని పల్లెలకు తామే వెళ్లేవారు. తానొక్కరే చాలరని గ్రహించి, స్థానిక స్త్రీలకు మందులివ్వడం, నర్సింగ్, కాన్పులు చేయడం నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. అది నేటికీ సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తోంది.

1957 మే 5న బెంగళూరులో పరమపదించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

రోగిని చూడడమంటే తనను చూడడమేనన్న క్రీస్తు బోధను ఆమె రోజువారీ ఓ.పి.లో పాటించారు. మన చదువు ఎవరికి అక్కరకొస్తోందని ఈ స్వర్ణోత్సవ వేళ మనమూ ఒకసారి ప్రశ్నించుకుందాం.