సర్ హోవర్డ్ గ్రబ్

గుఱిపందెముల కొఱకు నేడు తయారగు పిస్తోళ్లలో గొన్నిటిపై చిన్న గాజుబిళ్ల యొకటి నిలిచియుండును. మీట నొక్కినప్పుడెల్ల నొక గుండును వదలి, తనంతట తానే మఱియొక తూటాను నింపుకొను ఈ పిస్తోళ్లను ఆ గాజుబిళ్ల నమర్చుట కనువుగా మొదటినుండియే రూపొందించుచున్నారు. దానిగుండ జూచు గుఱికానికి లక్ష్యముపై నెఱ్ఱని చుక్క యొకటి వెలుగుచు గానవచ్చును. ఈ సాధనమునకు మూలసూత్రమును గనుగొన్నవాడు ఆయుధశిల్పి కాడు. ఆకాశమందలి నక్షత్రములను జూపు దూరదర్శినులను నిర్మించుచు జీవితము గడపిన ఐర్లండు దేశీయుడు సర్ హోవర్డ్ గ్రబ్.

హోవర్డ్ 1844లో డబ్లిన్ నగరమున జన్మించెను. తండ్రి థామస్ గ్రబ్ బ్యాంక్ ఆఫ్ ఐర్లండునకు యంత్రశిల్పి; నోట్లను ముద్రించు యంత్రములతోపాటు దూరదర్శినులను గూడ నిర్మించుచుండెను. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమునకు 48 అంగుళముల లోహదర్పణముగల మహాయంత్రమును జేయు పని యాయనకు లభింపగా, ట్రినిటీ కళాశాలలో ఇంజనీరింగు చదివిన కుమారుడు తోడయ్యెను. 1869లో నా యంత్రము మెల్‌బోర్న్‌లో నిలుపబడెను. కాని దర్పణపు మెఱుగు చెడుటచే నది యాశించిన ఫలము నీయలేదు. తొలిపనియే యిట్లు పరిణమింపగా మఱియొకడైనచో నిరుత్సాహుడగును. హోవర్డ్ కర్మశాల భారమునంతయు దానే వహించి ముందునకు సాగెను.

వియన్నా వేధశాలకు ఆయన నిర్మించిన 27 అంగుళముల కటకయంత్రము, పూర్తియైననాడు ఆ తరగతి యంత్రములలో ప్రపంచమునకెల్ల బెద్దది. 1887లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1893లో గ్రీనిచ్ వేధశాలలో ఆయన 28 అంగుళముల యంత్రము నెలకొనెను. మన హైదరాబాదునకును ఈ కర్మశాలతో సంబంధము గలదు. నవాబు జఫర్ జంగ్ తెప్పించిన 15 అంగుళముల దూరదర్శిని గ్రబ్ నిర్మించినదే. నవాబు మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించిన నిజామియా వేధశాలకు నదియే ప్రధానసాధన మయ్యెను.

1900లో గ్రబ్ తుపాకి గుఱిని గూర్చి యొక నూతన పద్ధతికి పేటెంటు పొందెను. తుపాకితో గుఱి చూచువాడు వెనుకటి గంటును, ముందటి మొనను, దూరపు లక్ష్యమును ఒకే వరుసకు దేవలయును. కాని మన కన్ను ఒక్క దూరమునందే స్పష్టముగ నిలువగలదు. ఒకటి తేటపడిన తక్కినవి మసకబాఱును. గ్రబ్ తన కటకవిద్యనే యిచట వినియోగించెను. కటకమునకు సరియైన దూరమున నొక గుఱుతు నుంచి, దాని వెలుగును వాలుగా నిల్పిన గాజుపలకపై బ్రతిఫలింపజేసెను. అప్పుడా గుఱుతు నక్షత్రమువలె అనంతదూరమున నున్నట్లు తోచును. కన్ను కొంచెము ప్రక్కకు జరిగినను గుఱి తప్పదు. గంటును మొనను గలుపవలసిన శ్రమయే తొలగెను.

లోక మీ యుపాయమును వెంటనే గ్రహింపలేదు. 1914లో బ్రారంభమైన మహాసంగ్రామమున గ్రబ్ కర్మశాల జలాంతర్గాములకు కన్నులనదగు పెరిస్కోపులను జేయుటలో మునిగెను. యుద్ధపు చివరిదినములలో నా కర్మశాల డబ్లిన్‌ను వీడి ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌కు దరలింపబడెను. యుద్ధము ముగిసెను, పనులు తగ్గెను. 1925లో సంస్థ మూతపడునంతలో సర్ చార్లెస్ పార్సన్స్ దానిని గొని న్యూకాసిల్‌లో నిలిపెను. వృద్ధుడైన గ్రబ్ 1931లో డబ్లిన్ చెంతనే కన్నుమూసెను. తండ్రి నాటి కర్మశాల తన బ్రతుకునందే పరులపాలగుట ఆయన కన్నులార జూచెను.

ఆయన సూత్రము మాత్రము నశింపలేదు. 1918లో జర్మనుల యుద్ధవిమానములపై నది ప్రయోగింపబడెను. రెండవ ప్రపంచసంగ్రామమున యుద్ధవిమానములలో విరివిగ వ్యాపించెను. అల్పమైన విద్యుత్తుతో నెఱ్ఱగ వెలుగు దీపకణములు లభించిన పిమ్మట, 1975లో స్వీడన్ దేశమున ఎయిమ్‌పాయింట్ సంస్థ చేతి ఆయుధములకు దగిన యెఱ్ఱచుక్క సాధనమును వెలువరించెను. పందెపు పిస్తోలుపైకి వచ్చినది దాని సంతతియే.

కన్ను దేనిని జూచునో, చేయి దేనికై కదలునో నిర్ణయించునది గాజుబిళ్ల కాదు, మనుష్యుడే. నక్షత్రములకును, శత్రునౌకలకును, పందెపు లక్ష్యములకును గ్రబ్ చూపినది యొక్కటే కటకశాస్త్రము. ఆయన యూహకు దగిన దీపము దొరకుటకు ముప్పాతిక శతాబ్ది పట్టెను. నేడు విజయము గాంచు గుఱికాడు ఆయన పేరెఱుగకపోవచ్చును. కాని యా చుక్కను మొదట వెలిగించినది డబ్లిన్‌లోని యా దూరదర్శినుల శిల్పియే యని మఱవరాదు.