మరియా మాంటిస్సోరి: పసివారి ముందు వినయం నేర్చిన గురువు

మన పట్టణాల్లో ఎన్నో బడుల బోర్డుల మీద మాంటిస్సోరి అనే పేరు కనిపిస్తుంది. ఆ పేరు ఒక కతోలిక మహిళదని, ఆమె మన దక్షిణ దేశంలో ఏళ్ళ తరబడి నివసించారని చాలామందికి తెలియదు.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవాల్లెలో జన్మించారు. స్త్రీలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజుల్లో, 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందారు. బుద్ధిమాంద్యులని లోకం వదలివేసిన పిల్లలకు తగిన పరికరాలు చేతికిస్తే వారూ నేర్చుకోగలరని గ్రహించారు.

ఆమె గుండెలో ఒక వేదన ఉండేది. 1898లో వివాహం కాకుండానే మారియో అనే కుమారుడు కలిగాడు. సమాజానికి జడిసి ఆ బిడ్డను పల్లెలో పరాయి ఇంట పెంచవలసి వచ్చింది. పెరిగి పెద్దవాడవుతున్న వేళ అతడు తల్లిని చేరి, చివరివరకు ఆమె పనిలో తోడుగా నిలిచాడు.

1907 జనవరి 6, ముగ్గురు రాజుల పండుగనాడు, రోములోని సాన్ లొరెంజొ అనే పేదల పేటలో ఆమె బాలల గృహం తెరిచారు. తల్లిదండ్రులు కూలికి వెళ్ళిపోతే గోడలు గీకుతూ తిరిగే పసివారే అక్కడి విద్యార్థులు. ఒక చిన్నారి కొయ్య దిమ్మలను వాటి గుంటల్లో అమర్చుతూ, చుట్టూ పిల్లలు పాటలు పాడుతున్నా తల ఎత్తకుండా, నలభైకి పైగా సార్లు అదే పని చేసింది. దిమ్మ తప్పు గుంటలో పడితే చివరకు ఒకటి మిగిలిపోతుంది. తప్పును గురువు ఎత్తిచూపనక్కరలేదు, పరికరమే చెబుతుంది. పసివారిలో ఇంతటి ఏకాగ్రత ఉందని ఆమె కనుగొన్నది అలా కనిపెట్టి చూడడం వల్లనే.

ఆ గదిలో మూడేళ్ళవారు, ఆరేళ్ళవారు కలిసే ఉండేవారు. చిన్నవాడు పెద్దవారిని చూసి నేర్చుకుంటాడు. గుండీ పెట్టుకోవడం చిన్నవాడికి చూపించే పెద్దపిల్లకు తన పాఠం మరింత గట్టిపడుతుంది. ఎవరి మెట్టు వారిది కనుక పోటీకి చోటు తగ్గుతుంది. గురువు ఒకరిద్దరికి పాఠం చూపి, పక్కకు తప్పుకొని గమనిస్తారు.

ముస్సోలినీ ప్రభుత్వం ఇటలీలో ఆమె బడులను మూయించింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించింది. ఒకనాడు దూరమైన కుమారుడు మళ్ళీ దూరమయ్యాడు. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజు సందర్భంగా అతణ్ణి విడిచిపెట్టారు. తరువాత కొడైకెనాల్‌లో తల్లీకొడుకులు వేర్వేరు వయసుల పిల్లలతో చిన్న బడి నడిపి, ఆరు నుండి పన్నెండేళ్ళవారి విద్యకు రూపం దిద్దారు. ఆమె 1952 మే 6న హాలెండులోని నోర్డ్‌వైక్‌లో కన్నుమూశారు. అక్కడి కతోలిక సమాధుల తోటలోనే విశ్రమిస్తున్నారు.

ప్రియ తల్లిదండ్రులారా, బోర్డు మీది పేరు చూసి సంతృప్తి పడకండి. లోపల పిల్లవాడు తన పని తాను ఎంచుకోగలడా, పెద్దపిల్లలు చిన్నవారికి తోడవుతున్నారా అని చూడండి. ఇంట్లోనూ, సత్యోపదేశ తరగతిలోనూ అక్కను తమ్ముడికి గురువుగా కూర్చోబెట్టండి. చిన్నవాడు చెప్పుల బకిలీసుతో తంటాలు పడుతుంటే చేయి వెనక్కు తీసుకొని కాసేపు ఓపిక పట్టండి. ప్రభువు శిష్యుల నడుమ నిలబెట్టింది పండితుణ్ణి కాదు, పసిబిడ్డను. బిడ్డ ముందు ఒక అడుగు వెనక్కు వేయగల వినయమే ఆ మహనీయురాలి జీవితం మనకు చెప్పే పాఠం.