కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు గారు



మన పండుగ సంచికలలో మహనీయుల జీవితములు ప్రతి సంవత్సరము ప్రకటింపబడుచుండును. త్యాగరాజస్వామి, వేమన యోగి, భక్త రామదాసు, వీరేశలింగం పంతులు గారు మొదలైన వారిని గురించి మనము చదివియున్నాము. ఈ పర్యాయము ఒక డ్రిల్లు మాస్టారు గారి జీవితమును వ్రాయవలెనని నాకు కోరిక కలిగినది. ఆయనయే కోడి రామమూర్తి నాయుడు గారు. లోకము ఆయనను కలియుగ భీముడని పిలిచినది. నేను ముప్పది సంవత్సరములు బడిపంతులుగా నున్నవాడను. అయినను నాకు 53 సంవత్సరములు వచ్చువరకు ఆయన పేరును వినలేదు. వినిన చోటు ఆంధ్రదేశము కాదు, నేను పుట్టిన నాటాల్ కాదు. నేను ఉద్యోగార్థము వచ్చియున్న కువైట్ దేశము. ఆ సంగతి చివర చెప్పెదను. ముందు ఆయన కథను వినుడు.

రామమూర్తి గారు 1880వ దశాబ్దపు తొలి సంవత్సరములలో వీరఘట్టము గ్రామమున జన్మించిరి. ఆనాడు అది మద్రాసు రాజధాని ఉత్తర భాగములోని ఊరు. పిదప చిరకాలము శ్రీకాకుళం జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తండ్రి పేరు వెంకన్న నాయుడు గారు. తల్లి చిన్ననాడే గతించినది. తల్లి లేని బిడ్డ యని తండ్రి గారాబముగా పెంచెను. బాలుడు చదువు కంటె కుస్తీలయందును, తోటి పిల్లలతో తగవులయందును ఎక్కువ ఆసక్తి చూపెను. కుమారుడు చెడిపోవునేమోయని తండ్రి భయపడి, విజయనగరములో పోలీసు శాఖలో పనిచేయుచున్న పినతండ్రి నారాయణస్వామి గారి యొద్దకు అతనిని పంపెను.

ఇచట మన వంటి ఉపాధ్యాయులు గమనింపదగిన విషయము కలదు. పినతండ్రి ఆ బాలుని అల్లరిని బెత్తముతో అణచుటకు చూడక, అతనిని వ్యాయామశాలలో చేర్పించెను. విజయనగరము సంస్థానాధీశుల నగరము. సంగీతమునకు, విద్యకు, మల్లవిద్యకు పేరుపొందినది. అక్కడి వ్యాయామశాలలో ఒంటరిగా సాధన చేయుట యుండదు. పదిమంది కలిసి దండీలు, బస్కీలు తీయుదురు. ఒకరి శ్వాసను ఒకరు విందురు. ఒకడు అలసి ఆగిన ప్రక్కవాడు ఇంకను చేయుట చూచి మరల లేచును. గురువు వారి మధ్య తిరుగుచు ఒక్కొక్కని వీపును, మోకాళ్ళను, పట్టును సరిచేయును. తగవులాడు బాలునకు అక్కడ తన బలమునకు ఒక క్రమము దొరకినది.

ఆ క్రమము ఎట్టిదో ఆయన జీవితచరిత్రలలోని రెండు అంకెలు తెలుపును. 21వ యేట ఆయన తన ఛాతీపై ఒకటిన్నర టన్నుల బరువును మోసెననియు, తరువాతి కాలమున మూడు టన్నులను మోసెననియు చెప్పుదురు. జనులు ఈ మాట విని ఆశ్చర్యపడి ఊరకుందురు. కాని ఆ మొదటి అంకెకును రెండవ అంకెకును నడుమ ఎన్ని ఉదయములు గడచినవో ఆలోచింపవలెను. నేడు మోయగలిగిన దానికి రేపు కొంచెము చేర్చుట, చేర్చిన దానికి దేహము అలవాటుపడువరకు ఓర్చుట, మరల కొంచెము చేర్చుట, ఇదియే బలవిద్య యొక్క మర్మము. కండరము భారమును ఎదుర్కొని, ఆహారమును విశ్రాంతిని పొంది, మునుపటి కంటె గట్టిపడును. ఈ సూత్రము పహిల్వానుకును పంతులుకును ఒక్కటియే.

తరువాత రామమూర్తి గారు మద్రాసు నగరమునకు వెళ్ళి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, ఉపాధ్యాయ యోగ్యతాపత్రముతో విజయనగరమునకు తిరిగి వచ్చిరి. తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడైరి. ప్రపంచప్రఖ్యాతుడు కాకముందు ఆయన మన వలె గంట కొట్టగానే తరగతికి పోయి పిల్లలను వరుసలో నిలిపిన మాస్టారు. నాకు ఆయనయందు గౌరవము మొదట ఇందువలననే కలిగినది.

ఆ కాలమున లోకమంతట దేహదారుఢ్యమును గురించి గొప్ప ఉత్సాహము వ్యాపించినది. జర్మనీ దేశమున పుట్టిన యూజెన్ శాండో 1897లో లండన్ నగరమున వ్యాయామ విద్యాలయమును స్థాపించి, వచ్చిన ప్రతివాని కొలతలు తీసికొని, వానికి తగిన సాధనను వేరుగా నిర్ణయించెడివాడు. ఆయన 1905 ప్రాంతమున భారతదేశమున కూడ పర్యటించి ప్రదర్శనలిచ్చెను. భారతీయులు దుర్బలులని పాలకులు భావించుచున్న దినములవి. అట్టి సమయమున విజయనగరపు డ్రిల్లు మాస్టారు సర్కసు కంపెనీని స్థాపించి ఊరూర బలప్రదర్శనలు చేయుటకు బయలుదేరిరి. జనులు ఆయనకు ఇండియన్ శాండో అని పేరు పెట్టిరి.

ఆయన ప్రదర్శనలను చూచినవారు తరతరములుగా చెప్పుకొనిరి. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచుట, రెండు మోటారు కార్లను భుజములకు కట్టించుకొని కదలనీయకుండుట, ఛాతీపై పలక నుంచి దానిపై ఏనుగును నిలుపుట అందు ముఖ్యమైనవి. వైస్రాయి మింటో ప్రభువు నమ్మలేక తన కారునే పరీక్షకు ఇచ్చెననియు, అది కదలలేకపోయెననియు చెప్పుదురు. ఇంగ్లాండునకు వెళ్ళి ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శన మిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదమును పొందిరని ప్రతీతి. ఇంతటి బలశాలి శాకాహారి. ఆంజనేయస్వామి భక్తుడు. ప్రాణాయామమును తన బలమునకు మూలముగా భావించిరి. సర్కసువలన వచ్చిన ధనమును దానధర్మములకును, దేశకార్యములకును ధారాళముగా వెచ్చించిరి.

ఇప్పుడు మన ముత్తాతలను ఒక్కసారి తలచుకొనుడు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి వచ్చిన ట్రూరో అను ఓడ డర్బన్ రేవును చేరినది. 1911 వరకు ఒక లక్షా యేబదిరెండు వేల మందికి పైగా కూలి ఒడంబడికపై నాటాలునకు వచ్చిరి. వారిలో మన తెలుగువారు విశాఖపట్టణము, గంజాము, గోదావరి ప్రాంతముల నుండి, అనగా రామమూర్తి గారు పుట్టిపెరిగిన సీమ నుండియే, పెక్కుమంది వచ్చిరి. మద్రాసు డిపోలో వారి దేహములను పరీక్షించిరి. అరచేతులలో కాయలున్నవా, పొలము పని చేయగలరా యని చూచిరి. మొదటి ఒడంబడికలలో మొదటి సంవత్సరపు జీతము నెలకు పది షిల్లింగులు. వారి బలము చెరకు తోటకు అద్దెకిచ్చిన బలము. 1911లో నాటాలునకు ఆ వలస ఆగిన నాటికి, అదే సీమకు చెందిన రామమూర్తి గారు డేరాల క్రింద తన బలమును తన పేరుతో లోకమునకు చూపుచుండిరి. ఒకే నేల, ఒకే తిండి, ఒకే వంటి ఎముకలు. కాని ఒకరి బలము పరాధీనము, మరియొకరి బలము స్వాధీనము.

మా యింట పెద్దలు వ్యాయామమును ఎన్నడును మెచ్చలేదు. దినమంతయు చెరకు నరికిన తాతగారికి సాయంత్రము దండీలు తీయుట పిచ్చిపనిగా తోచుట సహజమే. అలసినవానికి విశ్రాంతియే భాగ్యము. ఆ భాగ్యమును వారు మాకు సంపాదించి యిచ్చిరి. మేము చదువుకొని కుర్చీలలో కూర్చుంటిమి. కాని కుర్చీతోపాటు మధుమేహము, రక్తపు పోటు మా యింటికి వచ్చినవి. నా తండ్రిగారు ఆ మధుమేహముతోనే గతించిరి.

నేను కువైట్ నగరమునకు పాఠము చెప్పుటకు వచ్చిన రెండవ సంవత్సరమున వైద్యుడు నాకును అదే మాట చెప్పెను. ఈ దేశమున వేసవి ఎండ భయంకరము. 2016 జూలై 21న మిత్రిబా అను చోట 53.9 డిగ్రీల వేడి నమోదైనది. వేసవిలో సముద్రతీరపు బాటపై పగలు నడచుట అసాధ్యము. అందుచేత తోటి ఉపాధ్యాయుడొకడు నన్ను సాల్మియాలోని ఒక వ్యాయామశాలలో సాయంకాలపు తరగతికి తీసికొనిపోయెను. మొదటి దినమున చేతుల ఆసరా లేక బల్లపై నుండి పదిసార్లు లేచి కూర్చుండుమనిరి. ఆరవసారి నా మోకాళ్ళు వణకినవి. సిగ్గుచే మరల రాకూడదనుకొంటిని. కాని నా ప్రక్కన ఈజిప్టు దేశపు లెక్కల మాస్టారు, మలయాళీ గుమాస్తా ఒకడు నా వలెనే చెమటలు గార్చుచు నవ్వుచుండిరి. ఆ నవ్వు కొరకు రెండవ దినము వెళ్ళితిని.

అక్కడి శిక్షకుడు శ్రీకాకుళం జిల్లా యువకుడు. గుడి తరగతులలో నేర్చిన నా పుస్తకపు తెలుగును విని ఆశ్చర్యపడి, ఆనాటి నుండి నన్ను మాస్టారూ అని పిలువసాగెను. తరగతి ముగిసిన పిదప వారమునకు రెండు పర్యాయములు నాకు వేరుగా శిక్షణ నిచ్చెను. బరువెత్తునపుడు నేను ఊపిరి బిగపట్టుచుంటిని. రక్తపు పోటున్నవారు అట్లు చేయరాదనియు, ఎత్తునపుడు ఊపిరి విడువవలెననియు నేర్పెను. గొలుసు తెంచిన రామమూర్తి గారి ఊపిరి బిగింపు ఎన్నో ఏండ్ల సాధనవలన వచ్చినదని, దానిని చూచి అనుకరింపరాదని అతడే చెప్పెను. తమ శ్రీకాకుళములోని క్రీడామైదానమునకు ఆ మహనీయుని పేరే యున్నదని, అక్కడనే తాను పరుగు నేర్చితినని చెప్పెను. ఆ రాత్రి నుండి నేను ఆయన చరిత్రను వెదకి చదువ నారంభించితిని.

ఒక సంవత్సరము గడచినది. ఇప్పుడు నేను బల్లపై నుండి ముప్పది సార్లు లేవగలను. చక్కెర అదుపులోనికి వచ్చినది, మందు మాత్రము మానలేదు. వీటికంటె పెద్ద లాభము, సాయంత్రము ఎప్పుడగునాయని ఎదురుచూచుట. విధిగా మొదలుపెట్టిన పని ప్రీతిగా మారినది. అయితే ఒక్క మాట దాచరాదు. ఇదే నగరమున మన తెలుగు సోదరులు వేలమంది ఎండలో కట్టడపు పనులు చేయుచున్నారు. సోదరీమణులు ఇండ్లలో పనిచేయుచున్నారు. జూన్ నుండి ఆగస్టు వరకు మధ్యాహ్నవేళ బయటి పని చట్టప్రకారము నిషిద్ధమైనను, మిగిలిన గంటలే వారిని అలసింపజేయును. వారికి కావలసినది విశ్రాంతి, నాకు కావలసినది శ్రమ. వారిని చూచినప్పుడు నాకు తాతగారు కనబడుదురు. కూర్చుండుటకు అవకాశము పొందిన మనము దేహమును పాడుచేసికొనుట వారి శ్రమకు అపచారమని తోచును.

రామమూర్తి గారి కడపటి దినములు కష్టములతో గడచినవి. కాలికి వ్యాధి సోకి దానిని తీసివేయవలసి వచ్చెను. సంపాదించినదంతయు దానములలో వ్యయమైనది. ఒరిస్సాలోని సంస్థానాధీశుల ఆదరణలో శేషజీవితమును గడపి, 1942 జనవరి 16న బలంగీరు పట్టణమున పరమపదించిరి. విశాఖపట్టణము సముద్రతీరమున ఆయన విగ్రహము నేడును నిలిచియున్నది. ఏనుగును మోసిన దేహము కూడ శాశ్వతము కాదు. బలము మృత్యువును ఆపదు. కాని బ్రతికియున్నంత కాలము దేహమును మనదిగా నుంచును.

పెద్దలారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము వారమునకు కనీసము 150 నిమిషముల మితమైన వ్యాయామము, రెండు దినములు కండరములకు బలమిచ్చు సాధన పెద్దలందరికి అవసరము. వైద్యుని అడిగి ఏ వయసుననైనను మొదలుపెట్టవచ్చును. ఒంటరిగా గాక పదిమందితో కలిసి, తెలిసినవాని కనుసన్నలలో ప్రారంభింపుడు. మన గుడి తరగతులలో పిల్లలకు అక్షరములు దిద్దించుటకు ముందు పావుగంట దండీలు, బస్కీలు చేయింపుడు. వినాయకుని యెదుట గుంజీళ్ళు తీయు పిల్లలకు అవి క్రొత్తవి కావు. ఆ పావుగంటలో వారికి వీరఘట్టపు బాలుని కథ కూడ చెప్పుడు.

శ్రీ ఆంజనేయస్వామి అనుగ్రహమువలన మన సంఘమున అందరికిని బలారోగ్యములు కలుగుగాక.