మఠాచార గ్రంథాన్ని కూర్చిన తల్లి: పునీత జేన్ ఫ్రాన్సిస్ షంతాల్

చోడవరం ప్రాంత విశ్వాసులమైన మనకు ఆనెసీ పట్టణం పేరు కొత్త కాదు. 1846లో విశాఖపట్నం చేరిన ఫ్రాన్సిస్ సాలేసువారి సభ గురువులూ, 1849లో యానాంలో అడుగుపెట్టిన జోజప్పగారి సభ సోదరీమణులూ అక్కడినుండి వచ్చినవారే. వారికి రెండు శతాబ్దాల ముందు, అదే ఆనెసీలో ఒక వితంతువు తన మఠాలకు ఆచార గ్రంథాన్ని సమకూర్చారు. ఆ పుణ్యవతి చరిత్రను క్లుప్తంగా స్మరించుకుందాము.

జేన్ 1572లో ఫ్రాన్సు దేశపు డిజోన్ నగరంలో జన్మించారు. పసితనంలోనే తల్లి గతించింది. 1592లో షంతాల్ ప్రభువును వివాహమాడారు. 1601లో వేటకు వెళ్లిన భర్త, తోటివాని తుపాకి పొరపాటున పేలగా మరణించారు. నలుగురు బిడ్డలతో మిగిలిన ఆమెకు ఆ మనిషిని క్షమించడం ఒక్కనాటితో జరిగిన పని కాదు. చివరకు అతని బిడ్డకే జ్ఞానతల్లిగా నిలిచారు.

1604 తపస్సు కాలంలో ఫ్రాన్సిస్ సాలేసువారి ప్రసంగాలు విన్నారు. వారి మార్గదర్శకత్వంలో 1610 జూన్ 6న ఆనెసీలో మరియమాత సందర్శన సభను ప్రారంభించారు. కఠోర ఉపవాసాలకు తాళలేని బలహీనులకూ, వితంతువులకూ అందులో చోటు దొరికింది. తొలినాళ్లలో సోదరీమణులు రోగుల ఇండ్లకు వెళ్లి సేవచేసేవారు. లియోన్ అగ్రపీఠాధిపతి పట్టుదల వల్ల 1618 నాటికి వారు మఠం గడపదాటని సభగా మారవలసివచ్చింది.

1622 డిసెంబరు 28న ఫ్రాన్సిస్ వారు పరమపదించారు. అప్పటికి మఠాలు 13. ఏ మఠానికామఠం స్వతంత్రం. అన్నింటికీ కలిపి ఒక పెద్దతల్లి లేరు. జేన్ తల్లిని ఆ పదవిలో శాశ్వతంగా ఉంచాలన్నా ఆమె ఒప్పుకోలేదు. మరి ఇన్ని ఇండ్లు ఒకే కుటుంబంగా నిలిచేదెట్లు? తొలి మఠాల తల్లులను ఆనెసీకి పిలిపించి, గురువుగారు నేర్పినదీ తాము ఆచరించినదీ సరిచూసి, గ్రంథస్థం చేయించారు.

ఇటువంటి గ్రంథాలు క్లూనీ మఠంలో 11వ శతాబ్దంనాడే ఉన్నవి. నియమావళి మఠవాసి ధర్మాన్ని తెలుపుతుంది. ఆచార గ్రంథం గంట ఎప్పుడు మ్రోగాలో, భోజనం ఎట్లా వడ్డించాలో, రోగిని ఎట్లా చూడాలో చెబుతుంది. సందర్శన సభలో ఏటేటా సోదరీమణులు తమ గదులను, జపమాలలను, సిలువలను ఒకరివి ఒకరు మార్చుకోవడం ఆచారం. నాదన్నది ఏదీ లేదన్న పేదరిక వ్రతం ఆ చిన్న పద్ధతిలోనే అలవడేది.

1627లో కుమారుడు యుద్ధంలో మరణించినా ఆమె తన పని విడువలేదు. 1641 డిసెంబరు 13న మూలాన్ పట్టణంలో కన్నుమూసేనాటికి మఠాలు 80కి మించినవి. 1767లో తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

మన విచారణలలోనూ పండుగనాటి పద్ధతులు, మృతుల యింట జరిపే ప్రార్థనలు ఎన్నో పెద్దల నోటనే నిలిచి ఉన్నవి. ఆ పెద్దలు మన మధ్య ఉండగానే వాటిని అడిగి, వ్రాసి ఉంచుదాము. జేన్ తల్లి మనకు చూపిన మార్గం ఇదే.