సుబ్రతో ముఖర్జీ – ఒకటో స్క్వాడ్రన్

భారత వైమానిక దళమనగానే నేటి విద్యార్థికి స్ఫురించేవి ధ్వనిని మించిన వేగంతో దూసుకుపోయే జెట్ విమానాలు. కాని 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో ఒకటో స్క్వాడ్రన్ ఏర్పడిన నాడు దానికున్నవి నాలుగు పాత వాపిటీ విమానాలు, కొద్దిమంది వైమానికులు మాత్రమే. వారిలో ఇరవై రెండేళ్ల సుబ్రతో ముఖర్జీ ఒకరు.

1911 మార్చి 5న కలకత్తాలో జన్మించిన ముఖర్జీ ఇంగ్లండులోని క్రాన్‌వెల్ కళాశాలలో శిక్షణ పొందారు. భారతీయులు యుద్ధ విమానాలను నడపగలరా అన్న సందేహం ఆనాటి ఆంగ్లేయులలో బలంగా ఉండేది. 1933లోనే సహచరులిద్దరు విమాన ప్రమాదంలో మరణించారు. అటువంటి సమయంలో ధైర్యం చెదరక నిలబడడమే గొప్ప పరీక్ష.

స్క్వాడ్రనుకు మొదట అప్పగించిన పని పదాతి సైన్యానికి తోడ్పాటు. వాయవ్య సరిహద్దులోని వజీరిస్తాన్ కొండలపై ఎగురుతూ ఎదిరిపక్షం జాడ తెలపాలి. అది పేరు తెచ్చే పని కాదు. 1939లో ముఖర్జీ ఆ స్క్వాడ్రనుకే అధిపతి అయ్యారు. ఆ పదవి భారతీయునికి దక్కడం అదే ప్రథమం. మరుసటి సంవత్సరం, ముట్టడిలో చిక్కిన ఒక సైనిక స్థావరంలో తూటాలు నిండుకున్నాయి. ముఖర్జీ, వెనుక సీటులోని సిపాయి తమ విమానపు మరతుపాకి తూటాలనే తీసి, మేజోళ్లలో నింపి, క్రిందనున్న వారికి జారవిడిచారు. ఏ శిక్షణ గ్రంథమూ నేర్పని ఉపాయమది!

1941లో ఆయన నాయకత్వం వీడిన పిమ్మట స్క్వాడ్రన్ రూపం మారింది. పరిశీలనకై నిర్మించిన లైసాండర్ విమానాలకే బాంబులు తగిలించి, 1942లో మజుందార్ నాయకత్వాన బర్మా రంగంలో శత్రు స్థావరాలపై దాడి చేసింది. 1944లో అర్జన్ సింగ్ ఆధ్వర్యంలో హరికేన్లతో ఇంఫాల్ వద్ద శత్రు కదలికలను కనిపెట్టింది. 1947 విభజనతో స్క్వాడ్రన్ పేరు కొంతకాలం మరుగున పడి, 1953లో వాంపైర్ జెట్లతో తిరిగి వెలసింది.

1954 ఏప్రిల్ 1న ముఖర్జీ వైమానిక దళానికి తొలి భారతీయ సేనాధిపతి అయ్యారు. 1960 నవంబరు 8న టోక్యోలో భోజనవేళ ఆహారం గొంతులో అడ్డుపడి, నలభై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూశారు. ఆకాశంలో ఎన్నో గండాలు గడచిన మనిషికి ఎంతటి అంతం! ఆయన సతీమణి శారదా ముఖర్జీ తరువాత లోక్‌సభకు ఎన్నికై, 1977–78లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు.

ఒకటో స్క్వాడ్రన్ 1965లో మిస్టేర్ విమానాలతో సర్గోధాపై దాడి చేసింది. ఆపై మిగ్-21 విమానాలు, 1986లో గ్వాలియరులో మిరాజ్-2000 విమానాలు దానికి వచ్చాయి.